గొంతు తెలుసు, పేరే తెలీదు

ప్రశ్న: పాత ఇంగ్లిష్ పాప్ పాటలు వరుసగా వింటుంటే నాలుగు వేర్వేరు బృందాల పాటల్లో ఒకే గొంతు వినిపిస్తోంది. నా చెవే మోసపోతోందా?
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ చెవి నిక్షేపంగా ఉంది. ఆ గొంతు టోనీ బరోస్‌ది అయ్యుంటుంది. ఆయన 1942లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టారు. 1970లో ఎడిసన్ లైట్‌హౌస్, వైట్ ప్లెయిన్స్, బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్, పిప్‌కిన్స్ అనే నాలుగు పేర్లతో బ్రిటన్ టాప్ టెన్‌కి ఎక్కిన పాటల్లో ఆయన గొంతు ఉంది. మొదటిది అయిదు వారాలు ఒకటో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల తర్వాత ఫస్ట్ క్లాస్ అన్న మరో పేరుతో పాడిన ‘బీచ్ బేబీ’ అమెరికాలో 4వ స్థానం దాకా వెళ్లింది.

ఇందులో మోసమేమీ లేదు, అప్పటి లండన్ పద్ధతే అది. రచయిత, నిర్మాత కలిసి పాట తయారుచేసి, పూటకింత అని మాట్లాడుకున్న గాయకులతో పాడించేవారు. రికార్డు మీద ఏదో బృందం పేరు వేసేవారు. పాట హిట్టయితే టీవీలో నిలబెట్టడానికి అప్పుడు మనుషుల్ని వెతుక్కునేవారు. మూడు గంటలు ఒక పూట. అందులోనే నోట్స్ చూసి, వరుస పట్టి, తప్పు లేకుండా పాడి లేవాలి. అలా పాడగలవాళ్లకి పేరు రాకపోయినా పిలుపు ఆగదు. ఎల్టన్ జాన్ 1970 ఆల్బమ్‌లో వెనక కోరస్ పాడినవాళ్లలోనూ బరోస్ ఉన్నారు.

ప్రశ్న: ముగ్గురం కలిసి ఓ చిన్న స్టూడియోలో గోవింద నామాలకి కోరస్ పాడాం. అదే వరుస రెండోసారి పాడి కలిపితే పెద్ద గోష్ఠిలా వస్తుందన్నారు. తీరా వింటే గజిబిజి. ఎక్కడ తప్పు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఎక్కువసార్లు తప్పు జరిగేది మాట చివర. ఇంగ్లిష్ కోరస్‌లో ‘స్’, ‘ట్’ లాంటి హల్లులు ఆరు గొంతుల్లో ఆరుసార్లు టపటపమంటాయి. అందుకని ఒకరే పలుకుతారు, మిగతావాళ్లు మింగేస్తారు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన తంటా వేరు. ‘గోవిందా’లో చివరి ‘దా’ని ఒకరు రెండు మాత్రలు లాగి, ఇంకొకరు మూడు లాగితే అంచు చెదిరిపోతుంది. సాహిత్యం కాగితం మీద ఏ తాళం దెబ్బకి నోరు మూయాలో పెన్సిల్‌తో నిలువు గీత గీయండి. ఊపిరి తీసుకునేచోట టిక్కు పెట్టండి. ముగ్గురి కాగితాల్లోనూ గుర్తులు ఒక్కచోటే ఉండాలి.

మొదటి టేక్ మైకుకి జానెడు దూరంలో పాడితే, రెండోది రెండడుగులు వెనక్కి జరిగి, స్థలాలు మార్చుకుని పాడండి. హెడ్‌ఫోన్‌లో సౌండ్ మరీ పెంచితే శ్రుతి జారుతుంది. ఒక చెవి తెరిచి పాడటం మంచి అలవాటే కానీ, తెరిచిన వైపు కప్పుని కణతకి ఆనించి ఉంచాలి. లేదంటే లయ కోసం హెడ్‌ఫోన్‌లో వినిపించే క్లిక్ శబ్దం మైకులో పడుతుంది. ఆరు ట్రాకుల్లో అది ఆరింతలు. ఫ్యాన్ ఆపక తప్పదు. మన ఎండల్లో అరగంటకోసారి తలుపు తీసి గాలి పీల్చుకోండి, చెమట పట్టినవాళ్లు తొందరపడి పాడతారు.

రెండోసారి పాడే ఓపిక లేక అదే టేక్‌ని కాపీ చేసి కాస్త పక్కకి జరిపారా? అయితే గొట్టంలోంచి పాడినట్టే వస్తుంది. 1966లో అబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ బీటిల్స్ కోసం టేపుతో రెండో గొంతు పుట్టించినప్పుడు కూడా ఆ జరుగుడు క్షణక్షణం కొద్దిగా మారుతూ ఉండేలా చూశారు. గొంతుకి ప్రాణం ఆ చిన్న తేడాలోనే.

ప్రశ్న: కోరస్ పాడినవాళ్లకి రాయల్టీ ఉంటుందా?
– శ్రీకాళహస్తి

జవాబు: ముందు ఇంగ్లిష్ గాయని క్లేర్ టోరీ సంగతి వినండి. 1973 జనవరిలో ఒక ఆదివారం, పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం పాటకి మాటలే లేకుండా గొంతుతో ఆలపించి, 30 పౌండ్లు తీసుకుని వెళ్లారు. ఆదివారం కాబట్టి అది రెట్టింపు రేటు! ఆ ఆలాపన తన సొంత కల్పనేనని 2004లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీ కుదిరాక రచయితల వరసలో ఆమె పేరు చేరింది.

మన దగ్గర 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం ప్రదర్శకులకి వాణిజ్య వినియోగంలో రాయల్టీ హక్కు ఇచ్చింది, 50 ఏళ్ల గడువుతో. మెలిక సినిమా దగ్గర ఉంది. ప్రదర్శన నామమాత్రమై, రివాజు ప్రకారం ఎక్కడా పేరు వేయని మనిషిని చట్టం చాలా వరకు ‘ప్రదర్శకుడి’గా లెక్కించదు. అందుకే డబ్బు మాట్లాడేటప్పుడే టైటిల్స్‌లో పేరు సంగతీ మాట్లాడండి. ఎన్ని పాటలు, ఏ తేదీ, ఎంత, సొంతంగా కల్పించిన ఆలాపన ఏమైనా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టించి, మైకు ముందుకి వెళ్లకముందే ఒక ప్రతి జేబులో పెట్టుకోండి.