లివర్లన్నీ ఒక గుంపు, మరి స్ప్లైసింగ్‌లో ఎలుకలన్నీ ఒక గుంపెందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చిట్టెలుక, కోతి, ఆవు, మనిషి కణజాలాల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా, అంటే అక్కడ ఏ జీన్ల ఆర్‌ఎన్‌ఏ కాపీలు ఎన్ని ఉన్నాయో చదివిన లెక్క, తీసుకున్నారు. ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చూసి క్లస్టర్ చేస్తే, అంటే పోలినవాటిని గుంపులుగా చేరిస్తే, లివర్లన్నీ ఒక చోట, గుండెలన్నీ ఒక చోట చేరాయి. జీన్ ఆర్‌ఎన్‌ఏ కాపీలోంచి ఇంట్రాన్లనే ముక్కల్ని కత్తిరించి పడేసి, ఎక్సాన్లనే ముక్కల్ని అతికించడమే స్ప్లైసింగ్. ఒకే ఎక్సాన్‌ని ఒక్కోసారి ఉంచి, ఒక్కోసారి వదిలేస్తే అది ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్. అదే డేటాని ఆ ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ లెక్కతో క్లస్టర్ చేస్తే ఎలుక లివర్ వెళ్లి ఎలుక కిడ్నీ పక్కన చేరింది. ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని మీ టెన్షన్.

పొరపాటేమీ లేదు, క్షీరదాల స్ప్లైసింగ్ నిజంగానే అలా ఉంటుంది. 2012 డిసెంబరులో సైన్స్ పత్రికలో దీని మీద రెండు పరిశోధనలు ఒకేసారి వచ్చాయి. ఎంఐటీలో క్రిస్టఫర్ బర్జ్ బృందం నాలుగు క్షీరదాలు, ఒక కోడి, మొత్తం తొమ్మిది కణజాలాలు చూసింది. టొరంటోలో బెంజమిన్ బ్లెన్‌కో బృందం ఇంకా ఎక్కువ వెన్నెముక జీవులని చూసింది. ఇద్దరికీ కనిపించింది మీకు కనిపించిందే.

నేనూ ఇలాంటి డేటాతో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఒక్కో జంతువు జీనోమ్ ఒక్కో నాణ్యతలో ఉంటుంది కదా, దానివల్లే జాతుల వారీగా విడిపోయాయేమో అనుకున్నాను. అందుకని అన్ని జాతుల్లోనూ స్పష్టంగా జతపడే ఎక్సాన్లనే ఉంచి, రీడ్లు (సీక్వెన్సర్ చదివిన చిన్న ముక్కలు) తక్కువగా ఉన్నవి తీసేసి మళ్లీ చేశాను. గుంపులు మారలేదు.

కారణం స్ప్లైసింగ్ జరిగే తీరులోనే ఉంది. డీఎన్‌ఏ అక్షరాల్లో చెప్పాలంటే ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుంది. అయితే ఒక ఎక్సాన్‌ని ఉంచాలా వదిలేయాలా అన్నది ఆ రెండింటితోనే తేలదు, చుట్టుపక్కల ఉండే నాలుగైదు అక్షరాల చిన్న చిన్న గుర్తులు కూడా కలిసి తేలుస్తాయి. అలాంటి చోట ఒక్క అక్షరం మారినా ఆ ఎక్సాన్ చేరే శాతం బాగా పడిపోవచ్చు. చాలాసార్లు దానివల్ల జంతువుకి నష్టమేమీ ఉండదు కాబట్టి ఆ మార్పు తరతరాలూ అలాగే ఉండిపోతుంది. పైగా డీఎన్‌ఏ అన్ని కణజాలాల్లోనూ ఒకటే. మార్పు ప్రభావం లివర్‌లోనూ, కిడ్నీలోనూ, ఊపిరితిత్తిలోనూ ఒకేలా కనిపిస్తుంది. మీ క్లస్టర్లలో జాతి ముద్ర అంత గట్టిగా ఉండడానికి కారణం ఇదే.

నష్టం జరిగిన చోట చూస్తే ఒక్క అక్షరం ఎంత పని చేయగలదో అర్థమవుతుంది. మనిషికి ఎస్‌ఎంఎన్1, ఎస్‌ఎంఎన్2 అని దాదాపు ఒకేలాంటి రెండు జీన్లున్నాయి. రెండోదాని ఏడో ఎక్సాన్‌లో ఒక సీ బదులు టీ ఉంటుంది. దానివల్ల ప్రోటీన్‌లో అమినో ఆమ్లం కూడా మారదు, కానీ ఎక్కువసార్లు ఆ ఎక్సాన్ మొత్తంగా తప్పిపోతుంది. ఎస్‌ఎంఎన్1 పోయిన పిల్లలకి స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (కండరాలు క్షీణించే నరాల జబ్బు) రావడానికి, ఎస్‌ఎంఎన్2 ఆ లోటు తీర్చలేకపోవడానికి కారణం ఇదే. 2016లో అనుమతి వచ్చిన నుసినెర్సెన్ అనే మందు ఆ ఎక్సాన్‌ని మళ్లీ లోపలికి చేర్పిస్తుంది.

బ్లెన్‌కో బృందం పరిశోధనలో నాకు బాగా నచ్చిన భాగం ఇంకోటుంది. మనిషి 21వ క్రోమోజోమ్‌లో అధిక భాగాన్ని మోసే ఎలుకలున్నాయి, డౌన్ సిండ్రోమ్ పరిశోధన కోసం తయారుచేసినవి. ఆ ఎలుకల కణాల్లో స్ప్లైసింగ్ చేసే ప్రోటీన్లు దాదాపు అన్నీ ఎలుకవే, అయినా వాళ్లు పరీక్షించిన మనిషి ఎక్సాన్లలో ఎక్కువ భాగం మనిషిలో లాగే కత్తిరింపు అయ్యాయి. అంటే తేడా ప్రధానంగా డీఎన్‌ఏ అక్షరాల్లోనే ఉంది. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. పీటీబీపీ1 అనే నియంత్రక ప్రోటీన్‌లో తొమ్మిదో ఎక్సాన్‌ని క్షీరదాలు తరచూ వదిలేస్తాయి, కోళ్లు వదలవు. ఆ ఒక్క తేడాతో మెదడుకి సంబంధించిన చాలా ఎక్సాన్ల స్ప్లైసింగ్ మారుతుందని 2015లో తేలింది.

ఇక మీ బొమ్మలో మెదడుని విడిగా గమనించండి. మెదడు, కొంతవరకు గుండె, కండరం మాత్రం జాతితో పోకుండా కణజాలంతోనే ఉంటాయి. నాకు అసలు ఆసక్తి ఇక్కడే. మెదడులో మైక్రో ఎక్సాన్లని 3 నుంచి 27 అక్షరాలుండే చిన్న ముక్కలుంటాయి. జీనోమ్‌ని తెర మీద చూపించే జీనోమ్ బ్రౌజర్‌లో అలాంటిదొకటి వెతికి చూడండి. ఆరక్షరాలే, అంటే రెండు అమినో ఆమ్లాలే. రెండు పక్కలా ఉన్న ఇంట్రాన్‌లో వందల అక్షరాల మేర మనిషికీ ఎలుకకీ పోలిక చెక్కుచెదరదు. మామూలు ఇంట్రాన్ ఇంతకాలంలో గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రీడ్లని జీనోమ్‌కి జతపరిచే అలైనర్‌ని డిఫాల్ట్ సెట్టింగుల్లో వదిలేస్తే ఇవి తరచూ తప్పిపోతాయి కాబట్టి, మైక్రో ఎక్సాన్ల కోసం తయారుచేసిన టూల్ విడిగా నడపండి.

మీ రెండో ప్రశ్న, మనిషి సంక్లిష్టత అంతా స్ప్లైసింగ్‌లోనే ఉందా అని. ప్రైమేట్లలో (కోతులు, మనుషుల వర్గంలో) ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ ఎక్కువన్న మాట నిజమే. అంతమాత్రాన అందులో ప్రతిదానికీ ఒక పని ఉందంటే నేను ఒప్పుకోను. మన జీనోమ్‌లో ఆలూ (Alu) అనే, మళ్లీ మళ్లీ కాపీ అయిన డీఎన్‌ఏ ముక్కలు పది లక్షలకు పైగా ఉన్నాయి, వాటిలో కొన్ని ఎక్సాన్లుగా మారుతుంటాయి. ఎక్కువ భాగం కొద్ది శాతమే చేరతాయి, అక్షరాలని మూడేసిగా చదివే వరుసని, అంటే రీడింగ్ ఫ్రేమ్‌ని కూడా చెడగొడతాయి.

నేనైతే ముందు ఎక్సాన్ పొడవు మూడుతో భాగించబడుతుందా అని చూస్తాను, తర్వాత పక్క ఇంట్రాన్ జాతుల మధ్య నిలిచి ఉందా అని, ఆ తర్వాత అదే కణజాలంలో మూడు నాలుగు జాతుల్లో ఒకే దిశలో మారుతోందా అని. పది జంక్షన్ రీడ్లతో (ఎక్సాన్ల అతుకు మీదుగా వెళ్లే రీడ్లతో) వచ్చిన 50 శాతాన్ని నమ్మకండి, అసలు విలువ 20 దగ్గరా ఉండొచ్చు, 80 దగ్గరా ఉండొచ్చు. వీటన్నిటికీ నిలబడిన ఎక్సాన్ల జాబితా చిన్నదే అవుతుంది. జాతుల వారీగా విడిపోయిన బొమ్మని రిపోర్టులో అలాగే ఉంచి, ఈ చిన్న జాబితాతో మరోసారి క్లస్టర్ చేసి దాని పక్కన పెట్టండి.