ఈ ఏడాది చదివినవాటిలో నీకోసం కొన్ని

తిరుపతి

తమ్ముడూ,

కథలు రాయాలంటే ఏం చదవాలని అడిగావు. ఈ ఏడాది నేను ఎక్కువగా మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లనే మళ్లీ తీసి చదివాను. నీకూ వాళ్లనే ముందు చదవమంటాను.

అన్నిటికంటే ముందు కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు. ఆయనకు పేరు కూడా ఉండదు. నవలంతా దాదాపు ఒక్క రాత్రిలోనే నడుస్తుంది. మొదటిసారి కథ కోసం చదువు, ఆపుకోలేవు. రెండోసారి మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చో. పందుల గురించి, అడవి గురించి ఆ ముసలాయనకు ఎంత తెలుసో, అది మనకు ఎలా తెలిసిందో గమనించు. ఆయన చేసే పనిని చూస్తూ ఉంటే మనకే భయం పుడుతుంది. నువ్వు పంపిన కథలో ‘అతనికి చాలా బాధేసింది’ అని పదే పదే రాశావు. ఆ వాక్యాలన్నీ కొట్టేయి. ఆ బాధలో అతను ఏ పని మీద ఉన్నాడో రాయి.

బెంగళూరులో ఉంటూ ఊరి గురించి ఏం రాస్తానని దిగులు పడ్డావు కదా. కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. అంత దూరంలో ఉండే మన పల్లెల్ని రాశాడు. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయ్.

ఆ తర్వాత నామిని ‘పచ్చనాకు సాక్షిగా’. దీన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది, గొంతెత్తి చదవాలి. నీ పాత్రలు రెండు యాస మాటలు పలికి, మూడో మాటకు పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోతున్నాయి. నామిని దగ్గర వాక్యం ఎత్తుకోవడం దగ్గర్నుంచి ముగించేదాకా మన ఇళ్లలో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. మీ అమ్మ ఫోన్‌లో ఎలా మాట్లాడుతుందో విని, అలాగే ఒక పేజీ రాసి చూడు.

మధురాంతకం రాజారాం నిదానంగా చెప్పే మనిషి. బడిపంతులుగా పనిచేశాడు, తన కథల సంపుటికి 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో నీకు నచ్చిన ఒక కథను చేత్తో మొత్తం తిరగరాయి. చాదస్తం అనుకోకు. ఎక్కడ పేరా మార్చాడో, ఎక్కడ సంభాషణ ఆపాడో చేతికి తెలుస్తుంది.

కథలు కాకుండా ఒకటి చెబుతాను: రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ‘వేమన’ ఉపన్యాసాలు. తర్వాతి కాలంలో మన తిరుపతిలో ఎన్నో అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టింది ఈయనే. వేమనంటే ఎంతో ఇష్టం ఉన్నా, నచ్చనిచోట నచ్చలేదనే చెప్పాడు. నీ రాతను నువ్వు దిద్దుకునేటప్పుడు ఆ చూపు కావాలి.

సంక్రాంతికి వస్తావుగా, దిద్దిన కథ తీసుకురా. నామిని పుస్తకం నా దగ్గర ఇంకో కాపీ ఉంది, కొనకు.

మీ అన్న