టైర్లు తర్వాత, ముందు అలైన్‌మెంట్

ప్రశ్న: విశాఖపట్నంలో ప్రైవేటు కాలేజీలో పని చేస్తాను. జీతం 62,000. మారుతి జిమ్నీ లోన్ ఈఎంఐ 17,400, మ్యూచువల్ ఫండ్ సిప్ నెలకు 5,000. బండిని ఎత్తు పెంచే రెండు అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాను. వంజంగి కొండ దారిలో ఒకసారి కింద రాయి గట్టిగా తగిలింది. అప్పటి నుంచి స్టీరింగ్ కొంచెం పక్కకు ఉంటోంది. 18,000 కిలోమీటర్లకే ముందు టైర్ల అంచులు అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చాయి. పెద్ద సైజు ఆల్ టెరైన్ టైర్లు నాలుగూ కలిపి 44,000 అన్నారు, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ ఉందట. కంపెనీ సైజువైతే ఒక్కోటి 7,500. ఈఎంఐ పెట్టుకోనా, కొన్నాళ్లు సిప్ ఆపనా?

జవాబు: రెండూ వద్దు. టైర్లను తినేస్తున్న జబ్బు బండి కింద ఉంది. అది అలాగే ఉండగా కొత్తవి వేయిస్తే అవీ అదే దారిన పోతాయి. కొన్నేళ్ల కిందట నేనూ ఈ పనే చేశాను. కొత్త టైర్లు వేయించి, చక్రాల అలైన్‌మెంట్ వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే నెల వచ్చేసరికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగేశాను.

బండి ఆపి, ముందు టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా గీరుకుంటే టో, అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాలూ నేరుగా ముందుకు చూసే కోణం, తప్పిందన్నమాట. రాయి తగిలి టై రాడ్, అంటే ముందు చక్రాలను కలిపే కడ్డీ, వంగితే జరిగేది ఇదే. షాపులో ర్యాంపు ఎక్కించినప్పుడు మీరూ వంగి ఆ రాడ్ చూడండి. వంగి ఉంటే దాన్ని మార్చాకే అలైన్‌మెంట్.

జిమ్నీకి ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు (సాలిడ్ యాక్సిల్) ఉంటుంది. అలైన్‌మెంట్‌లో తిప్పి సరిచేయగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. బిల్లులో కాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సెట్టింగ్ అని విడిగా రాస్తే, ఎలా చేశారో అడగండి. లిఫ్ట్ వల్ల తగ్గేది క్యాస్టర్, అంటే స్టీరింగ్‌ను నేరుగా నిలబెట్టే వాలు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోయినా, హైవే మీద బండి అటూ ఇటూ పోతున్నా దాన్ని అనుమానించాలి. దానికి వేరే బుష్‌లు వేస్తారు. ఘాట్‌లో నడిపే బండి, ఆ ఖర్చు మాత్రం వాయిదా వేయకండి.

ఇప్పుడు లెక్క. కంపెనీ సైజు టైర్లు నాలుగు 30,000. అవి 40,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 75 పైసలు. 18,000కే పోతే రూపాయి 67 పైసలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే దాదాపు 920 రూపాయలు రోడ్డు మీద రుద్ది పారేసినట్టే. మామూలుగా ఒక అలైన్‌మెంట్‌కు అంతకన్నా ఎక్కువ కాదు.

పెద్ద సైజు ఆశ వదిలేస్తే ఇంకో లాభం ఉంది. వెనక తలుపుకు వేలాడుతున్న స్టెప్నీ వాడకుండా కొత్తగానే ఉంటే, అదే మోడల్ మూడు టైర్లు కొంటే చాలు, 22,500. పాతవాటిలో మంచిది స్టెప్నీ అవుతుంది. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీకిచ్చిన ధర కొత్త రేటుదో కాదో చూసుకోండి.

టైరు అరుగుదల బీమాలో రాదు. టై రాడ్ కోసం చిన్న క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, లాభం లేదు. లిఫ్ట్ కిట్ సంగతి మాత్రం బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే ఈమెయిల్ పెట్టండి. మోటారు వాహనాల చట్టంలో బండికి చేసే మార్పుల మీద ఆంక్షలు పెట్టే సెక్షన్ 52 ఉంది కాబట్టి, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఆ మాట మొదట వాళ్లే ఎత్తుతారు.

నో కాస్ట్ అన్నదాంట్లోనూ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ సాధారణంగా ఉంటాయి. సిప్ కదపకండి. నెలకు 3,800 చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) వేస్తే మూడు టైర్ల డబ్బు చేతికొస్తుంది. 3 మిల్లీమీటర్లంటే, టో సరి చేయించాక సిటీలో అన్నాళ్లు నడుస్తాయి. అంతవరకు వంజంగి వద్దు. గాడి మధ్యలో అరుగుదల గుర్తుగా ఉండే టీడబ్ల్యూఐ గట్టుకు, అంటే 1.6 మిల్లీమీటర్లకు దగ్గర పడితే ఆర్‌డీ మధ్యలో తీసైనా మార్చేయండి. టైర్లు కొన్నాక నెలకు 1,000 అయినా పక్కన పెడుతూ ఉండండి. కొండ దిగి వచ్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ చూపించుకోవడానికి అందులోంచే తీయొచ్చు.