ఓరుగల్లు మీద నవల రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి చిన్నబిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

ఓరుగల్లు పతనం మీద నవల మొదలుపెట్టావని మీ బాపు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. ప్రతి సంగతి పక్కన అది ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకోవాలని నీకు వేరే చెప్పనక్కరలేదు.

నా తప్పు ఒకటి మాత్రం చెప్పాలి. ఇరవై ఆరేళ్ల వయసులో 1323 నాటి ముట్టడి మీద ఒక కథ రాశాను. కోటలో ఒక బంటు భార్య ఎండుమిరపకాయలు దంచుతూ కన్నీళ్లు పెట్టుకుంటుంది. భర్త ఇక రాడని ఆమెకు ముందే తెలుసునని, ఏడుపును ఘాటు మీదికి నెడుతున్నదని చివరి వాక్యం దాకా పాఠకుడికి తెలియదు. అందరూ మెచ్చుకున్నారు. ఒక బడిపంతులు మాత్రం కార్డు ముక్క రాశారు: వాస్కో డ గామా కాలికట్‌లో దిగినది 1498లో, మిరప ఈ దేశానికి వచ్చినది ఆ పోర్చుగీసుల వెంటే, మీ కథలోని ఇల్లాలు కనీసం 175 ఏళ్లు ముందుగా దంచింది అని. ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రటి రాశుల మధ్య పెరిగిన నాకు మిరప లేని ఓరుగల్లు ఊహకే రాలేదు.

సంపుటి వేసినప్పుడు ఆ మాట కొట్టివేసి 'మిరియాలు' అని పెట్టాను. అది మొదటి దానికన్నా పెద్ద తప్పు. పడమటి కనుమల నుంచి రావలసిన సరుకు మామూలు బంటు ఇంట్లో రోటినిండా ఎక్కడిది? మాట మార్చాను గాని ఆ ఇంటిని మార్చలేదు. ఆమె ఏడుపుకు ఆ కాలం ఇవ్వగల చాటు ఏదో వెతకవలసింది. తడి కట్టెల పొగ చాలునని ఎనిమిదేళ్లకు తోచింది.

శాసనాల్లో సంస్కృత శ్లోకం రాజును పొగుడుతుంది. తెలుగు వచనం చాలాచోట్ల ఏ చెరువు కింద ఎన్ని మర్తురుల (మర్తురు అంటే ఆనాటి భూమి కొలత) భూమి ఇచ్చారో చెబుతుంది. నీ వచనానికి గురువు ఆ రెండోది. ఢిల్లీ సేనకు బందీగా చిక్కిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని విలస శాసనం అంటుంది. తన ఇష్టంతోనే లోకం విడిచాడని కలువచేరు శాసనం అంటుంది. ఆ ఘట్టాన్ని కళ్లారా చూసినట్టు రాయకు తల్లీ; ఇక్కడ మిగిలినవారి చెవిన పడినట్టు, 'అట' అనే చిన్న మాటను విడవకుండా రాయి.

మే నెల మధ్యాహ్నం కీర్తితోరణాల దగ్గర తిరగకు. కిందటిసారి వడదెబ్బ తగిలి మీ అమ్మను ఎంత ఏడిపించావో మరిచిపోయావా? మొదటి అధ్యాయం పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించి తీసుకురా, నా కళ్లద్దాలు పాతబడ్డాయి.

మీ పెద్దబాపు