గుమిలో 24 పతకాలు, టోక్యోలో సున్నా: భారత అథ్లెటిక్స్ జట్టు విఫలమైనట్టేనా?

2025 మే నెలాఖరున దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 24 పతకాలు గెలిచిన జట్టు, అదే సెప్టెంబరులో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి ఉత్త చేతులతో తిరిగి వస్తే దాన్ని వైఫల్యం అనకూడదా అని మీరు అడిగారు. మొత్తం జట్టును కలిపి అలా అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒకటి రెండు చోట్ల మాత్రం ఆ మాట తప్పదు. చాలాకాలంగా ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, జిల్లా పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఫినిషింగ్ లైన్ దగ్గర నిలబడేవాణ్ని కాబట్టి, ఎవరు గెలిచారన్న దానికంటే ఎంతలో గెలిచారన్నదే ముందు చూడటం నాకు అలవాటైంది. మా జిల్లాలో ప్రథమ బహుమతి అందుకున్న పిల్లలు రాష్ట్ర పోటీల హీట్స్‌లోనే (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగుల్లోనే) వెనుదిరగడం ఏటా జరిగేదే. అక్కడ వాళ్ల పరుగేమీ తగ్గదు, పక్క లేన్లలో ఉన్నవాళ్లు మారతారు, అంతే.

గుమిలో మనవాళ్లు 8 స్వర్ణాలు, 10 రజతాలు, 6 కాంస్యాలతో చైనా తర్వాత రెండో స్థానంలో నిలిచారు. ఆ స్వర్ణాల్లో తెలుగువారి వాటా చిన్నదేమీ కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో, తెలంగాణకు చెందిన నందిని అగసర ఏడు అంశాల పోటీ అయిన హెప్టాథ్లాన్‌లో గెలిచారు. నలుగురు తలా 400 మీటర్లు పరుగెత్తే మహిళల 4×400 రిలే స్వర్ణంలో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన కుంజా రజిత భాగస్వామి. సంతోషించవలసిన విషయమే. అయితే టోక్యోకు నేరుగా అర్హత ఇచ్చే ప్రమాణాలను ఆ ఫలితాల పక్కన పెట్టి చూడండి. జ్యోతి 12.96 సెకన్లతో ఛాంపియన్‌షిప్ రికార్డు నెలకొల్పారు, ప్రపంచ పోటీల ప్రమాణం 12.73. నందిని సాధించినవి 5941 పాయింట్లు, అక్కడ అడిగినవి 6500.

0.23 సెకన్లంటే ఎంత అని తేలిగ్గా తీసుకునేవారు ఒక్కసారైనా ఆ పరుగును ట్రాక్ పక్కన నిలబడి చూడాలి. పది హర్డిల్స్ ఉంటాయి, ఒక్కో దానికీ మధ్య 8.5 మీటర్ల దూరం, ఆ దూరాన్ని సరిగ్గా మూడు అంగల్లో ముగించి మళ్లీ లేవాలి. మట్టి మైదానంలో నేర్చుకునే మా ఆడపిల్లలు ముందు ఐదు అంగలు వేస్తారు. మూడుకు వచ్చేసరికి కొందరికి హైస్కూలు చదువే పూర్తవుతుంది, కొందరు మోకాలికి దెబ్బ తగిలాక మళ్లీ హర్డిల్ వైపు చూడరు. జ్యోతి స్థాయిలో 12.96ను 12.73కు దించాలంటే ఒక్కో హర్డిల్ దగ్గర సుమారు 0.02 సెకను మిగుల్చుకోవాలి. కంటికి కనిపించని ఆ తేడాకే ఏళ్లు పడతాయి. అయినా ఆమె జాతీయ రికార్డు 12.78 కాబట్టి అది అందని దూరమేమీ కాదు. గుమి తర్వాత మోకాలి గాయంతో ఆమె, 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ సాగే పరుగు) విజేత అవినాశ్ సాబ్లే ఇద్దరూ టోక్యోకు వెళ్లనే లేదు. ఆ ఇద్దరి స్వర్ణాలనూ గుమి లెక్కలో కలుపుకుని, టోక్యోలో ఎందుకు రాలేదని అడగడం పొరపాటు.

ఇక టోక్యోలో పోటీపడినవారి సంగతి. జావెలిన్‌లో సచిన్ యాదవ్ మొదటి త్రోలోనే 86.27 మీటర్లు విసిరారు, అది అప్పటికి ఆయన జీవితంలోకెల్లా మెరుగైన త్రో. కాంస్యం గెలిచిన అమెరికన్ కర్టిస్ థాంప్సన్ విసిరింది 86.67. మూరెడు కూడా లేని తేడాతో నాలుగో స్థానం వచ్చింది. హైజంప్‌లో సర్వేశ్ కుశారే 2.28 మీటర్లు దూకి ఆరో స్థానం పొందారు, ఆయనకూ అదే అత్యుత్తమం. తన అత్యుత్తమాన్ని ప్రపంచ ఫైనల్ రోజున అందుకోవడం ఏ క్రీడాకారుడికైనా కష్టమైన పని. పతకాల పట్టికలో దానికి చోటు ఉండదు కాబట్టి మన పత్రికలకు అది పెద్ద వార్త కాలేదు. నీరజ్ చోప్రా 84.03తో ఎనిమిదో స్థానంలో ఆగిపోవడం మాత్రం నిరాశే. మేలో దోహాలో 90.23 విసిరిన చేయి అది. వెన్ను నొప్పితోనే బరిలోకి దిగారు కనుక నేను ఆయన్ని తప్పుపట్టను. అసలు ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో మనకున్నవి మూడే పతకాలు: 2003లో అంజూ బాబీ జార్జ్ కాంస్యం, 2022లో నీరజ్ రజతం, 2023లో ఆయనదే స్వర్ణం.

నాకు లోటు కనిపించింది దూర పరుగుల్లో. గుమిలో 5000, 10,000 మీటర్లు రెండూ గెలిచిన గుల్వీర్ సింగ్ 10,000 మీటర్లను అంతకుముందే 27:00.22లో పరుగెత్తి ఉన్నారు. టోక్యో ఫైనల్ నెమ్మదిగా సాగి, ఫ్రాన్స్‌కు చెందిన జిమ్మీ గ్రెసియే 28:55.77లో గెలిచారు. గుల్వీర్ అత్యుత్తమ సమయం కంటే అది దాదాపు రెండు నిమిషాలు నెమ్మది; అయినా ఆయనకు దక్కింది 16వ స్థానం. ఆ తర్వాత 5000 మీటర్ల హీట్‌లో ఒక్క స్థానం తేడాతో ఫైనల్ పోయింది. జిల్లా పోటీల 1500 మీటర్లలో కూడా ఇలాగే జరుగుతుంది. అందరూ ఒకరి వెనక ఒకరు దాగి, చివరి రౌండు గంట మోగాక ఒక్కసారిగా వేగం పెంచుతారు; సమయాల్లో మేటి అయిన పిల్లవాడు అక్కడ దిక్కులు చూస్తాడు. చివరి 400 మీటర్ల వేగానికి వేరే సాధన ఉండాలి, ఆసియా స్థాయిలో సరిపోయిన వేగం అక్కడ చాలలేదు.

రెండో లోటు రిలేలో. 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల 4×400 హీట్‌లో అనస్, అమోజ్, అజ్మల్, రాజేశ్ కలిసి 2:59.05తో ఆసియా రికార్డు నెలకొల్పి, 2:58.47లో గెలిచిన అమెరికాను చివరి మలుపు దాకా వదల్లేదు. ఫైనల్‌లో ఐదో స్థానం తెచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి టోక్యోలో మన రిలే జట్టు ఒక్కటీ లేదు. వైఫల్యం అనే మాట వాడదలిస్తే నేను దీనికే వాడతాను, ఎందుకంటే నలుగురు వేగంగా పరుగెత్తగానే రిలే జట్టు తయారైపోదు, వారిలో ఇద్దరికి గాయమైనా అదే సమయం తేగల మరో ముగ్గురు నలుగురు శిబిరంలో సిద్ధంగా ఉండాలి.