సెయిలింగ్ యాట్ డిజైనర్ కావాలంటే ఫిజిక్స్‌ను పక్కన పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. బొమ్మలు బాగా వేస్తుంది. ఈమధ్య పెద్ద పెద్ద సెయిలింగ్ యాట్‌ల (తెరచాపలతో నడిచే విలాస పడవల) ఫొటోలు చూసి, వాటినే డిజైన్ చేస్తానని పట్టుబట్టింది. ఫిజిక్స్ అంటే భయం లేదు గానీ, ఇష్టం అంతంత మాత్రమే. డిజైన్ కోర్సులో చేర్పించాలా, ఇంజినీరింగ్‌లోనా? అసలిది నిలబడే ఉద్యోగమేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫొటోలో ఆమెకు నచ్చిందేమిటో ముందు అడగండి. పడవ ఒంపులా, లోపలి గదులా, లేక అంత బరువు గాలితో కదలడమా? కోర్సు దాన్నిబట్టే తేలుతుంది. యాట్ డిజైనర్ అంటే అన్నీ గీసేది ఒక్కరే అనుకుంటాం గానీ అలా ఉండదు. 2020లో తయారైన 81 మీటర్ల సీ ఈగిల్ 2 అనే యాట్ సంగతే చూడండి. నేవల్ ఆర్కిటెక్చర్ (పడవ ఆకారం, బరువు, నిలకడల లెక్క) డైక్‌స్ట్రా సంస్థది, ఇంటీరియర్ మార్క్ వైట్లీది, నిర్మాణం నెదర్లాండ్స్‌లోని రాయల్ హ్యూస్‌మన్ యార్డుది, మాస్ట్‌లు, అంటే తెరచాపలు కట్టే స్తంభాలు, రోండాల్ అనే మరో కంపెనీవి. వీళ్లు కాక సర్వేయర్లు, వెల్డర్లు, వడ్రంగులు, హైడ్రాలిక్స్ ఇంజినీర్లు.

ఇక ఫిజిక్స్ సంగతి. మోటార్ యాట్‌లో రూపానికి కాస్త స్వేచ్ఛ ఉంటుంది. తెరచాప ఉందంటే ప్రతి గీతకూ లెక్క చెప్పాలి. గాలి పడవను పక్కకు ఒరగదోస్తుంది, అడుగున నిలువు రెక్కలా ఉండే కీల్‌లోని సీసం బరువు దాన్ని మళ్లీ నిలబెడుతుంది. తాళ్లూ, మాస్ట్‌ను పట్టి ఉంచే స్టేలూ బిగించేసరికి మాస్ట్ వందల టన్నుల ఒత్తిడితో కిందికి నొక్కుతుంది, ముందూ వెనకా ఉన్న స్టేలు పైకి లాగుతాయి, దాంతో హల్ (పడవ ప్రధాన దేహం) విల్లులా వంగబోతుంది. అలా వంగకుండా లోపలి ఫ్రేములు ఎక్కడెక్కడ వేయాలో తేలాకే గదుల గోడలు ఎక్కడ వస్తాయో తెలుస్తుంది. మాస్ట్ కొనన పెరిగే ప్రతి కిలోకూ కింద అంతకు ఎన్నో రెట్లు సమాధానం చెప్పుకోవాలి. ఇప్పటి పెద్ద యాట్‌లలో కార్బన్ ఫైబర్ మాస్ట్‌లు ఎక్కువగా కనిపించడానికీ, చాలా హల్‌లను ఉక్కుతో కాకుండా అల్యూమినియంతో కట్టడానికీ ఇదే కారణం. ఉక్కు సాంద్రతలో అల్యూమినియంది దాదాపు మూడో వంతే.

లోపలి అలంకరణ ఒక్కటే చేస్తానన్నా ఈ లెక్క తప్పదు. తలుపు పిడి దగ్గర్నుంచి బాత్రూమ్ రాయి దాకా ప్రతి వస్తువు బరువూ, అది ఉండే చోటూ ఒక పట్టికలోకి ఎక్కుతాయి. పాలరాయి కావాలని యజమాని అడిగితే, కొన్ని మిల్లీమీటర్ల పలచని రాతిపొరను తేనెపట్టు నిర్మాణం ఉన్న తేలికపాటి ప్యానెల్ మీద అతికిస్తారు. పైగా ఈ ఇల్లు ఒక పక్కకు ఒరిగే ప్రయాణిస్తుంది. 15 డిగ్రీలు ఒరిగిన గదిలో సొరుగు దానంతటది తెరుచుకోకూడదు, మంచం మీద మనిషి దొర్లిపోకూడదు, నడిచేవాళ్ల చేతికి ఎక్కడికక్కడ పట్టుకోవడానికి ఏదో ఒకటి అందాలి. భోజనాల బల్ల ఒరిగినా పైభాగం మట్టంగా ఉండేలా గింబల్ మీద నిలుపుతారు. నా మటుకు నాకు, వాల్‌పేపర్ ఎంచుకోవడం కన్నా ఇదే ఆసక్తిగా అనిపిస్తుంది.

మాస్ట్ ఎత్తు నిర్ణయంలో భూగోళం కూడా కల్పించుకుంటుంది. పనామా కాలువ దగ్గరి బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ కింద నుంచి దూరాలంటే మాస్ట్ దాదాపు 62 మీటర్లు దాటకూడదు. అందుకే చాలా పెద్ద యాట్‌లు ఒకే ఎత్తైన మాస్ట్‌ను వదిలి రెండో మూడో పెట్టుకుంటాయి. 2003లో నీళ్లలోకి దింపిన మిరబెల్లా 5 మాత్రం 75 మీటర్ల పొడవుకు దాదాపు 90 మీటర్ల ఒంటి మాస్ట్‌తో వచ్చింది, దానికి పనామా దారి మూసుకుపోయినట్టే. 127 మీటర్ల ‘కోరు’ అనే యాట్‌కు మాస్ట్‌లు పెట్టేస్తే, సముద్రానికి వెళ్లే దారిలో రోటర్‌డామ్‌లోని పాత డె హెఫ్ వంతెన అడ్డమయ్యేది. వంతెన మధ్యభాగాన్ని తాత్కాలికంగా విప్పాలన్న ఆలోచనకు జనం ఒప్పుకోలేదు. చివరికి 2022లో మాస్ట్‌లు లేకుండానే వేరే చోటికి లాక్కెళ్లారు.

ఈ పనిలో బాధ్యత ఎంతటిదో కూడా అమ్మాయికి తెలియాలి. 2024 ఆగస్టు 19న సిసిలీలోని పోర్టిచెల్లో దగ్గర లంగరు వేసి ఉన్న 56 మీటర్ల బేసియన్ అనే సెయిలింగ్ యాట్ తుపాను గాలికి మునిగి ఏడుగురు చనిపోయారు. బ్రిటన్ దర్యాప్తు సంస్థ మధ్యంతర నివేదిక ప్రకారం, తెరచాపలు దించి, సెంటర్‌బోర్డ్ (అడుగున కిందికి దించే పలక) పైకెత్తి ఉన్న స్థితిలో ఆ పడవ సుమారు 70 డిగ్రీలు దాటి ఒరిగితే తిరిగి లేవలేదు. పక్క నుంచి 63 నాట్లు (గంటకు దాదాపు 117 కిలోమీటర్లు) దాటిన గాలి దాన్ని బోల్తా కొట్టించగలదు. ఈ సంగతి పడవలో ఉన్న స్టెబిలిటీ (ఒరిగినా తిరిగి నిలబడే గుణం) పుస్తకంలో లేదు. నేవల్ ఆర్కిటెక్ట్ సంతకం పెట్టేది ఇలాంటి అంకెల కింద.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గాలితో పడవ కదలడమే ఆమెను పట్టేసి ఉంటే నేవల్ ఆర్కిటెక్చర్ తీసుకోండి. ఫిజిక్స్ మీద ఇష్టం అంతంత మాత్రమే అన్నారు కదా, దాన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఒక థర్మాకోల్ ముక్కను పడవలా చెక్కించండి. దానికో పుల్ల మాస్ట్, అడుగున ఒక ఇనుప బోల్టు. ఒక్కో భాగాన్ని తూచి గరిమనాభి ఎక్కడ పడుతుందో ముందే లెక్కవేయమనండి. తర్వాత నీళ్లలో వదిలి, పక్కకు ఒరగనొక్కి చూడమనండి. తలకిందులైతే చిరాకుపడి పక్కన పడేస్తుందా, బోల్టును ఇంకాస్త కిందికి దించి మళ్లీ లెక్క మొదలెడుతుందా అన్నది మార్కుల కన్నా ఎక్కువ చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయాలకు యాట్ పరిశోధనలో పాత పేరుంది. డిగ్రీ మామూలు నేవల్ ఆర్కిటెక్చర్‌లో చేసి, మాస్టర్స్‌కు అటు వెళ్లినా సరిపోతుంది.

రూపమూ గదులే ఇష్టమైతే ఇండస్ట్రియల్ డిజైన్ లేదా ఇంటీరియర్ డిజైన్‌లో చేర్పించండి. అక్కడ పోర్ట్‌ఫోలియోదే పెత్తనం. మెరిసే కంప్యూటర్ బొమ్మలు అందరూ తెస్తారు, మెట్ల కింద ఖాళీని ఎలా వాడుకుందో కొలతలతో చూపించే పేజీ కొందరే తెస్తారు. చేత్తో చేసే పనంటే ఇష్టమైతే కాంపోజిట్స్ (కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాల పని), అల్యూమినియం వెల్డింగ్, రిగ్గింగ్ (మాస్ట్‌లు, తాళ్లు బిగించే పని) వైపు కూడా మంచి బతుకుంది. హల్‌కు ఫిల్లర్ పూసి, పొడవాటి పలకలతో రుద్ది, ఒక్క ఎగుడుదిగుడూ కనపడకుండా నునుపు తేల్చడం ఒక ప్రత్యేకమైన విద్య.

ఉద్యోగం నిలబడుతుందా అంటే, ఈ ఒక్క రకం పడవల్నే నమ్ముకుంటే కష్టం. కట్టే యార్డులు కొన్నే, ఒక్కో పెద్ద యాట్‌కు మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆర్డర్లు ధనవంతుల మూడ్‌ను బట్టి వస్తాయి. నేర్చుకున్న పని మాత్రం వృథా పోదు. ఫెర్రీలకూ సరుకు ఓడలకూ అదే స్టెబిలిటీ లెక్క, అదే కాంపోజిట్ విద్య. ఏరియన్ 6 రాకెట్ భాగాలు మోసే 121 మీటర్ల కెనోపీ నౌకకు 2023లో నాలుగు నిలువు రెక్కల్లాంటి తెరచాపలు అమర్చారు. ఇంధనం తగ్గించుకోవాలని మరికొన్ని సరుకు ఓడలూ గాలి వైపు చూస్తున్నాయి. అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు పేరులో యాట్ అన్న మాట ఉందా అని వెతక్కండి. స్టెబిలిటీ, స్ట్రక్చర్స్, హైడ్రోడైనమిక్స్ (నీటి కదలికల శాస్త్రం) మూడూ గట్టిగా చెబుతారా, రెండో మూడో ఏడాదిలో షిప్‌యార్డ్‌లో ఇంటర్న్‌షిప్ ఉందా అన్నది అడగండి.