కేజ్‌లో దిగేవారికి డబ్బు ఎలా అందుతుంది?

యూఎఫ్‌సీ లాంటి ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ, జుజిట్సు లాంటివి కలిసిన పోరు) సంస్థల్లో, కంచె వేసిన కేజ్‌లో పోరాడేవారికి నెల జీతం ఉంటుందా, లేక గెలిస్తేనే డబ్బు ఇస్తారా అని మీరు అడిగారు. మీ తమ్ముడు ఉద్యోగం మానేసి ఇదే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడని కూడా రాశారు. నేను పోరాడినవాణ్ని కాను. కాలిఫోర్నియాలో చిన్న వ్యాపారాలకు లెక్కలు చూసి, ట్యాక్స్ రిటర్నులు వేయడం నా పని. సాయంత్రాలు జుజిట్సు నేర్చుకోవడానికి వెళ్లే జిమ్‌లో పరిచయమైన, యూఎఫ్‌సీలో పోరాడే ఒక స్నేహితుడికి కొన్నేళ్లుగా రిటర్నులు నేనే వేస్తున్నాను కాబట్టి, కేజ్ వెలుపల కాగితాల మీద ఈ వృత్తి ఎలా ఉంటుందో కొంత చెప్పగలను. అంకెలు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

నెల జీతం లేదు. యూఎఫ్‌సీతో సహా దాదాపు అన్నిచోట్లా వీరు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. బౌటు (ఒక పోరు) జరిగితేనే డబ్బు. ఆ డబ్బు రెండు భాగాలుగా ఉంటుంది: బరువు తూగి కేజ్‌లోకి దిగినందుకు ఇచ్చే షో మనీ ఒకటి, గెలిస్తే దాని మీద కలిపే విన్ మనీ మరొకటి. కొత్తగా చేరినవారికి ఈ రెండూ సాధారణంగా సమానంగా ఉంటాయి. 2022లో మా స్నేహితుడి ఒప్పందంలో 12,000, 12,000 డాలర్లు అని రాసి ఉంది. తూకంలో నిర్ణీత బరువు దాటితే షో మనీలో ఇరవై శాతమో ముప్ఫై శాతమో ప్రత్యర్థికి వెళ్లిపోతుంది.

ఆ ఏడాది ఆయన పోరాడిన బౌటు మూడు రౌండ్లూ పూర్తిగా నడిచి స్ప్లిట్ డెసిషన్‌లో పోయింది. ఇద్దరు న్యాయనిర్ణేతలు 29-28తో ప్రత్యర్థికి ఇచ్చారు, ఒకరు అదే 29-28తో ఈయనకు ఇచ్చారు. ఆ ఇద్దరిలో ఒక్కరు ఒక్క రౌండును మరోలా చూసి ఉంటే ఈయన చేతికి మరో 12,000 డాలర్లు వచ్చేవి. ఎడమ కనుబొమ మీద కుట్లతో, చేతికి టేపు ఇంకా విప్పకుండానే, అథ్లెటిక్ కమిషన్ (పోటీలను పర్యవేక్షించే రాష్ట్ర సంస్థ) మనిషి ఎదుట సంతకం పెట్టి ఒక్క షో మనీ చెక్కే తీసుకున్నానని ఆయన నాతో చెప్పారు. ఆ కుట్ల ఖర్చు ప్రమోటర్ (పోటీ నిర్వాహకుడు) కట్టిన బీమా నుంచి వెళ్లింది గానీ, గాయం మానేదాకా కమిషన్ విధించిన వైద్య విరామంలో స్పారింగ్ (సాధన పోరు) కూడా లేదు, అంటే తర్వాతి బౌటు, దానితో పాటే తర్వాతి చెక్కు, అంత దూరం జరిగాయి.

ఇక ఖర్చులు. ఏప్రిల్‌లో ఆయన చెప్పుల డబ్బా నిండా రసీదులు తెచ్చి నా వంటింటి బల్ల మీద గుమ్మరించారు. షో మనీ 12,000కు దుస్తుల స్పాన్సర్ డబ్బు 4,000 కలిపితే వచ్చింది 16,000. షో మనీలో కోచ్‌కు 10 శాతం, మేనేజర్‌కు 10 శాతం, అంటే 2,400. కార్నర్‌లో, అంటే కేజ్ పక్కన, నిలబడి సలహాలిచ్చే రెండో మనిషి విమానం టికెట్టు, హోటలు 900. ఎనిమిది వారాల శిక్షణలో ఆహారానికీ బరువు దించడానికీ 1,400. ఫిజియోకూ వ్యాయామ కోచ్‌కూ 2,300. మిగిలిన 9,000 నుంచి సొంతంగా పని చేసుకునేవారందరూ కట్టే 15.3 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను, ఆపైన ఆదాయపు పన్ను. ఉద్యోగికైతే అందులో సగం యజమాని కడతాడు, ఇక్కడ యజమాని అనేవాడే లేడు. ఇదంతా దాదాపు మూడు నెలల కష్టానికి దక్కిన సొమ్ము. శని, ఆదివారాల్లో ఒక గిడ్డంగిలో సరుకు ఎత్తే పని ఆయన ఎందుకు మానలేదో ఆ రోజు నాకు అర్థమైంది.

స్పాన్సర్ డబ్బు గురించి ఒక మాట. 2015 జూలైకి ముందు నిక్కర్ల మీదా, వెనుక పట్టుకునే బ్యానర్ మీదా ఎవరి ప్రకటనలు వారు అమ్ముకునేవారు. దుస్తుల కంపెనీ రీబాక్‌తో కుదిరిన ఒప్పందంతో యూఎఫ్‌సీలో అది ఆగిపోయి, ఎన్ని బౌట్లు ఆడారన్న లెక్కన మొత్తం నిర్ణయమైంది. 2021లో రీబాక్ స్థానంలోకి వెనమ్ వచ్చినప్పుడు మొదటి మూడు బౌట్లవారికి 4,000, ఛాంపియన్‌కు 42,000 డాలర్లు అని పట్టిక ఇచ్చారు.

పెద్ద సంస్థకు చేరే ముందటి దశ ఇంకా సన్నగా ఉంటుంది. మా ఊళ్లోని చిన్న పోటీలో ఆయనకు 1,000, 1,000 ఒప్పందం, దానితో పాటు అమ్మిపెట్టమని ఒక టికెట్ల కట్ట. అమ్మినవాటిలో కొంత వాటా ఆయనది. మా పరిచయమే అక్కడ మొదలైంది, జిమ్ గుమ్మం దగ్గర నిలబడి నాకు రెండు టికెట్లు అంటగట్టారు.

వార్తల్లో కనిపించే పెద్ద మొత్తాలు అబద్ధం కావు, కాకపోతే అవి కొద్దిమందివి. రాత్రికి ఉత్తమ ప్రదర్శనలకు ఇచ్చే 50,000 డాలర్ల బోనస్ యూఎఫ్‌సీలో ఏళ్ల తరబడి నడిచింది. పే పర్ వ్యూ (టీవీలో ఆ పోటీ చూడటానికి విడిగా కట్టే డబ్బు) అమ్మకాల్లో వాటా మాత్రం ఛాంపియన్లకూ, జనాన్ని రప్పించగల కొందరికీ ఒప్పందంలో రాసేవారు. పీఎఫ్ఎల్ అనే మరో ఎంఎంఏ సంస్థ సీజన్ విజేతకు పది లక్షల డాలర్లు ఇస్తూ వచ్చింది. 2022 జనవరిలో యూఎఫ్‌సీ 270లో హెవీవెయిట్ టైటిల్ నిలబెట్టుకున్న ఫ్రాన్సిస్ ఎంగానూకు కాలిఫోర్నియా కమిషన్ వెల్లడించిన పారితోషికం 6 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది ఆయన ఆ సంస్థను వదిలి టైసన్ ఫ్యూరీతో బాక్సింగ్ రింగులోకి దిగారు.

సంస్థ ఆదాయంలో పోరాడేవారి వాటా ఎంత అన్నది కోర్టులో తేలింది. 2014 డిసెంబరులో అక్కడ పోరాడిన కుంగ్ లీ, మరికొందరు యూఎఫ్‌సీ మీద గుత్తాధిపత్య కేసు వేశారు. అక్కడ బయటపడిన లెక్కల ప్రకారం ఆ వాటా సుమారు ఇరవై శాతానికి మించలేదు. అమెరికా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ లీగుల్లో ఆటగాళ్లకు సంఘాలుండి దాదాపు సగం వస్తోంది. మొదట కుదిరిన 33.5 కోట్ల డాలర్ల రాజీని 2024లో న్యాయమూర్తి తిరస్కరించగా, 37.5 కోట్లకు కుదిరిన రాజీకి 2025 ఫిబ్రవరిలో తుది ఆమోదం లభించింది. అది 2010 చివరి నుంచి 2017 మధ్య దాకా పోరాడినవారికి వర్తిస్తుంది, మా వాడు తర్వాత వచ్చాడు గనుక ఆయనకు పైసా రాదు. బాక్సర్లకు 2000 నాటి మహమ్మద్ అలీ చట్టం ప్రకారం ప్రమోటర్ తన రాబడి చెప్పాలి. ఆ చట్టం ఎంఎంఏకు వర్తించదు. నా ఉద్దేశంలో తక్కువ పారితోషికానికి అసలు కారణం ఈ గోప్యతా, ఒప్పందం ఉన్నంత కాలం మరో సంస్థకు వెళ్లనివ్వని షరతూను.

భారత్ నుంచి అన్షుల్ జూబ్లీ, పూజా తోమర్ యూఎఫ్‌సీ దాకా వెళ్లారు కాబట్టి మీ తమ్ముడి కోరిక గాల్లో మేడ అని నేను అనను. ఉద్యోగం మానకుండా మొదటి రెండు మూడు ప్రొఫెషనల్ బౌట్లు ఆడనివ్వండి. ఒప్పందం ఏదైనా చేతికి వస్తే నాలుగు సంగతులు అడగమనండి: ఓడినా తర్వాతి బౌటుకు మొత్తం పెరుగుతుందా లేక గెలిస్తేనా, బౌటు రద్దయితే షో మనీ ఇస్తారా, రెండో కార్నర్ మనిషి ప్రయాణం ఎవరిది, శిక్షణలో తగిలిన గాయానికి బీమా ఉందా. మా స్నేహితుడు వీటిలో మొదటిది ఒక్కటే అడిగి సంతకం పెట్టారు.